కరిచే మాటలు

బాబాయిని దెబ్బ తీయడానికి నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఉద్యోగం కోసం కాదు, జ్ఞానం కోసం కాదు, నలుగురిలో గొప్పగా కనిపించాలనీ కాదు. ఒక మనిషిని తన సొంత కుర్చీలోనే కూర్చోబెట్టి ఊపిరాడకుండా చెయ్యాలని. ఒక్క వానాకాలంలో నేర్చేసుకున్నాను. బడిలో అన్నేళ్ళు కూర్చున్నా రానిది అంత తొందరగా ఎలా వచ్చిందని తర్వాత చాలామంది అడిగారు. కడుపు మండితే వస్తుందని చెప్పాను.

మాది కుర్చీలు చేసే షెడ్డు, ఇంటి వెనకాలే. నాన్నది కర్రపని, నాది పేము అల్లిక, బాబాయిది ఫోను. నవ్వకండి, మా ఇంట్లో అదీ ఒక పనే. మా కుర్చీలన్నీ సముద్రం అవతల ఒక దుకాణం ఆవిడ కొనేది. ప్రతి మంగళవారం ఫోను చేసేది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడు బాబాయి ఒక్కడే. ఆ చదువు కూడా నాన్న తను బడి మానేసి ఉలి పట్టుకుని చెప్పించిందే. బాబాయి స్పీకరు మీట నొక్కేవాడు, మేమంతా చేతులు తుడుచుకుని చుట్టూ నిలబడేవాళ్ళం. ఆవిడేదో అనేది, బాబాయి దాన్ని మాకు అర్థమయ్యేలా చెప్పేవాడు. ఆయన చెప్పిందే మాకు వేదం.

నాన్న కుర్చీలో మేకు ఉండదు, స్క్రూ ఉండదు. కర్రను కర్రలోకి దూర్చి బిగించడమే. ఆ అతుకు పట్టడానికి ఒక్కోసారి పూట పట్టేది. బాబాయికి ఆ ఆలస్యం గిట్టేది కాదు. "అన్నయ్యా, ఈ రోజుల్లో ఎవడు చూస్తాడు అతుకు?" అనేవాడు. "కూర్చున్నవాడు చూస్తాడ్రా" అనేవాడు నాన్న.

వానలు మొదలైన కొత్తల్లో ఒక మంగళవారం. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. గొంతు నిమ్మళంగా ఉంది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. బాబాయి "ఎస్, ఎస్" అంటూ తలూపుతున్నాడు. ఫోను పెట్టేశాక నాన్న మొహం చూడకుండా నేను పేము నానబెట్టే తొట్టి వైపు చూస్తూ మాట్లాడాడు.

"అన్నయ్యా, ఎలా చెప్పాలో తెలీడం లేదు. నీ చెయ్యి మునుపటిలా లేదంటోంది. కుర్చీలు ఊగుతున్నాయట. ఇకమీదట నువ్వు చేసినవి వద్దంటోంది."

రేకుల మీద వాన మోతగా పడుతోంది. నాన్నకు వినపడలేదేమోనని బాబాయి మళ్ళీ ఎత్తుకోబోయాడు. నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"విన్నాన్రా. అంత మాటందా?"

"నేనెంతో చెప్పి చూశాను."

నాన్న నోట్లో నాలుక లేని మనిషి. తన ఉలులు ఒక్కొక్కటే తుడిచి, నూనె రాసి, పాత గుడ్డలో చుట్టి, అలమరా పై అరలో పెట్టాడు. తర్వాత చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళాడు. పట్టపగలు నాన్న షెడ్డులోంచి ఇంట్లోకి వెళ్ళడం నేను అంతకుముందు చూడలేదు.

నాకు బాబాయి మాట మీద నమ్మకం కుదరలేదు. ముసలాడి చెయ్యి పోయిందని చెబుతూ ఎవరు నవ్వుతారు? పైగా ఆవిడ చెప్పింది చాంతాడంత, బాబాయి చెప్పింది జానెడు. మిగతాదంతా ఏమైనట్టు? దానికి తోడు రెండు ముక్కలు నా చెవిలో చిక్కుకుపోయాయి. ఒకటి 'కౌంట్ ఆన్ హిమ్'. రెండోది 'డోంట్ డూ అవే విత్'. బడి ఇంగ్లీషు నాకూ కాస్త ఉంది. కౌంట్ అంటే లెక్కపెట్టడం, ఆన్ అంటే మీద. నాన్న మీద ఏం లెక్కపెడుతోంది ఈవిడ? డూ తెలుసు, అవే తెలుసు, విత్ తెలుసు. మూడూ కలిపితే అయోమయం. తెలియని మాటలైతే ఊరుకునేదాన్ని. అన్నీ తెలిసిన మాటలే, నా కళ్ళముందే చేతులు కలిపి నాకు తెలియకుండా ఏదో గూడుపుఠాణీ చేస్తున్నాయి. అది నాకు ఒళ్ళు మండించింది.

నాలుగు రోజులు గడిచాయో లేదో షెడ్డు ముందు వ్యాను ఆగింది. అందులోంచి బాబాయి బామ్మర్ది, పిన్ని తమ్ముడు దిగాడు. అతన్ని అందరూ రంపం అంటారు. మిషను కోత షెడ్డు ఉంది, అదొక కారణం. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో కోసేస్తాడు, అది ఇంకో కారణం. వ్యాను నిండా రెడీమేడ్ కుర్చీ చట్రాలు, స్క్రూలతో బిగించినవి. అంత సరుకు నాలుగు రోజుల్లో తయారవుతుందా? ఎప్పటినుంచో కోసి పెట్టుకున్నట్టే ఉంది.

"బావగారూ, మీరొక్క కుర్చీ అతికేలోగా నా మిషను డజను కక్కుతుంది" అన్నాడు నాన్నతో. నాన్న నవ్వి ఊరుకున్నాడు.

అంతటితో వదిలేసినా నేనూ ఏడ్చి ఊరుకునేదాన్నేమో. మర్నాడు బాబాయి ఒక అట్టపెట్టె తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టాడు. కుర్చీ కాళ్ళ కింద తొడిగే రబ్బరు బుష్షులు.

"ఊరికే కూర్చుంటే నీకు తోచదు కదన్నయ్యా. ఇవి తొడుగుతూ ఉండు, కాలక్షేపంగా ఉంటుంది."

ఎంత ప్రేమగా అన్నాడో! ఆ ప్రేమే నాకు తేలు కుట్టినట్టు కుట్టింది. నాన్న పొట్టి పీట వేసుకుని, రంపం చేసిన కుర్చీలను తలకిందులు చేసి, బుష్షులు తొడగసాగాడు. అంతా అయ్యాక తమ్ముణ్ణి పిలిచి, "సరిగ్గా ఉన్నాయా, చూడరా" అని అడిగాడు. ఆ అడగడం నేను తొట్టి దగ్గర్నుంచి విన్నాను. జీవితంలో ఒకరి చేత పని సరిచూపించుకోని మనిషి.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, నాకు మాత్రమే వినిపించేలా, "ఆ బుష్షేదో మీ బాబాయి నోటికి తొడిగితే పీడా పోను" అంది.

"తొడుగుదాంలే" అన్నాను.

*

మా ఎదురింటి మేడ మీద ఆపరేటరమ్మ ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో దూరదేశాల కాల్స్ కలుపుతూ జుట్టు నెరిసిన మనిషి. రిటైరైనప్పుడు తను కూర్చున్న గిర్రున తిరిగే కుర్చీని కూడా వెంట తెచ్చుకుంది. దాని పేము సీటు చిరిగిందని ఎప్పటినుంచో కబురు పెడుతోంది. ఆ సాయంత్రమే వెళ్ళాను.

"అల్లితే ఏమివ్వను?" అంది.

"ఏమీ వద్దండి. ఇంగ్లీషు నేర్పండి."

"ఏ ఇంగ్లీషు?"

"తెలిసిన మాటలే రెండు మూడు కలిసి తెలియని అర్థం ఇస్తాయి చూడండి, అవి."

"ఫ్రేజల్ వెర్బులా? అవెందుకు నీకు?"

"ఒకరి పని పట్టాలండి."

ఆపరేటరమ్మ కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది. ఛీ అంటుందనుకున్నాను. "మంచిదే. ప్రేమతో మొదలెట్టినవాళ్ళు రెండోవారానికి మానేస్తారు" అంది.

ఆవిడ పద్ధతి విచిత్రంగా ఉండేది. నన్ను వరండాలో కూర్చోబెట్టి, తను గదిలోకి వెళ్ళి తలుపు మూసేసుకునేది. మొహం చూస్తే సగం అర్థమైపోతుందనీ, ఫోనులో మొహం ఉండదనీ అనేది. కాగితం, కలం ముట్టనివ్వలేదు. రాసుకుంటే చేతికి వస్తుంది గానీ చెవికి రాదంది. సరే, నా చేతులకు పేము ఉండనే ఉంది. నానబెట్టిన పేము కుర్చీ చట్రం మీద అడ్డంగా, నిలువుగా లాగుతూ, తలుపుకి చెవి అప్పగించి కూర్చునేదాన్ని.

మొదట తన పొట్ట నింపిన మాటలు చెప్పింది. హోల్డ్ ఆన్ అంటే ఆగమనడం, పట్టుకోమనడం కాదు. పుట్ త్రూ అంటే లైను కలపడం. హ్యాంగ్ అప్ అంటే ఫోను పెట్టేయడం, దేన్నీ వేలాడదీయడం కాదు. కట్ ఆఫ్ అంటే మాట్లాడుతుండగా లైను తెగిపోవడం. గో ఓవర్ అంటే చెప్పింది మొదట్నుంచి మళ్ళీ చెప్పడం. ఒక మాట చెప్పేది, దాంతో వాక్యాలు విసిరేది, నేను తలుపు ఇవతల్నుంచి అర్థం చెప్పాలి. తప్పు చెబితే "రాంగ్ నంబర్" అని అరిచేది.

"ఇదేం భాషండీ, పుట్‌కీ త్రూకీ సంబంధం లేదు" అని విసుక్కున్నాను ఒకరోజు.

"మన సంగతేమిటి? తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నాడు అంటాం. వీపున మూటకట్టి తెస్తున్నాడా? ఫలానావాడు చేతులెత్తేశాడంటాం. వాడి చేతులు కిందే ఉంటాయి. మాట పడ్డానంటాం. ఎక్కడ పడ్డట్టు? వాళ్ళకున్న రోగమే మనకీ ఉంది, మనది మనకి నొప్పి తెలీదు, అంతే."

ఆ మాటతో నాకు దారి దొరికింది. విడగొట్టి చూడటం మానేసి, మూటని మూటగా ఎత్తుకోవడం మొదలెట్టాను. అప్పటినుంచి ఆపరేటరమ్మ వేగం పెంచింది. చీర్ అప్ అంది, దిగులు మాని కుదుటపడమనడం. సెటిల్ డౌన్ అంది, స్థిరపడటం. నాకు ఓపిక నశించింది.

"ఇవి వద్దండి. ఇవన్నీ పాలుతాగే మాటలు. కరిచేవి చెప్పండి."

తలుపు వెనక నవ్వు వినిపించింది. తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. ఫైండ్ అవుట్, ఆరా తీసి కనిపెట్టడం. లెట్ డౌన్, నమ్మినవాణ్ణి నట్టేట ముంచడం. బ్యాక్ డౌన్, తోక ముడవడం. గెట్ అవే విత్, తప్పు చేసి దర్జాగా తప్పించుకుపోవడం. గెట్ బ్యాక్ ఎట్, కసి తీర్చుకోవడం. ఓన్ అప్, తన తప్పు తన నోటితో ఒప్పుకోవడం. వీటికి వాక్యాలు ఆవిడ ఇవ్వక్కర్లేకపోయింది. నా దగ్గర కొల్లలుగా ఉన్నాయి. అన్ని వాక్యాలకీ కర్త బాబాయే.

ఒక సాయంత్రం నా ముక్కలు నేనే బయటపెట్టాను.

"కౌంట్ ఆన్ హిమ్ అంటే ఏమిటండీ?"

"అతన్ని నమ్ముకోవడం. వాడున్నాడులే అని నిశ్చింతగా ఉండటం."

"డూ అవే విత్?"

"లేకుండా చెయ్యడం. తీసిపారెయ్యడం."

"ముందు డోంట్ ఉంటే?"

"ఏముంది, తీసిపారెయ్యొద్దని. ఎందుకూ?"

అప్పటిదాకా లాగి పట్టుకున్న పేము చేతిలోనే ఆరిపోయినట్టుంది, పుటుక్కున విరిగింది. ఆ చప్పుడుకి ఆపరేటరమ్మ తలుపు తీసుకుని వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

"ఎక్కడికి?"

"బాబాయి పీక పట్టుకోడానికి."

జరిగిందంతా చెప్పాను. నిలబడే వింది. తర్వాత నా భుజం పట్టుకుని మళ్ళీ కింద కూర్చోబెట్టింది.

"వెళ్ళి ఏమంటావు? ఎప్పుడో విన్న రెండు ముక్కలకి ఇవాళ అర్థం తెలిసిందంటావా? నీకు వినడం రాలేదంటాడు. మీ నాన్న ఎవర్ని నమ్ముతాడు?"

నేను పళ్ళు నూరాను. నాన్న బాబాయినే నమ్ముతాడు.

"ఆపరేటరు లైన్లో తన మాట కలపకూడదమ్మాయ్. కలిపితే మమ్మల్ని ఇంటికి పంపేవారు. వినాలి, కలపాలి, గొంతులో కోపం గానీ సంతోషం గానీ తెలియనివ్వకూడదు. నువ్వు అలా కూర్చోవడం నేర్చుకో. మాట వేడివేడిగా లైన్లో ఉన్నప్పుడు పట్టుకో, చల్లారాక కాదు."

కూర్చున్నాను. కూర్చోవడమే అన్నిటికంటే కష్టంగా నేర్చుకున్నాను. ఇంట్లో బాబాయి ఎదురుగానే భోంచేసేవాళ్ళం. నాన్న ముందు తమ్ముడి గ్లాసులో నీళ్ళు పోసి, తర్వాత తనకు పోసుకునేవాడు. అది చూస్తూ నేను నోట్లో ముద్ద నమిలేదాన్ని, లోపల ఆరోజు నేర్చుకున్న మాట నమిలేదాన్ని. "ఏమ్మాయ్, ఈమధ్య తెగ శాంతంగా ఉంటున్నావు" అన్నాడు బాబాయి ఒకసారి. "వానాకాలం కదా బాబాయ్, చల్లబడ్డాను" అన్నాను.

*

రంపం కర్ర ఆరబెట్టే మనిషి కాదు. వానకు తడిసినదాన్ని తడిసినట్టే మిషనుకి ఎక్కించేవాడు. ఆ కుర్చీలు సముద్రం దాటి, పొడిగాలి తగిలి, ఎండి కుంచించుకుపోయాయి. ఇది మాకు తర్వాత తెలిసింది. ఆ మంగళవారం ఫోను మోగేసరికి మాత్రం బాబాయి ఎప్పటిలాగే దర్జాగా వచ్చి స్పీకరు మీట నొక్కాడు. నాన్న బుష్షుల పెట్టె పక్కన పెట్టి లేచాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది. రంపం కూడా సరుకు దింపుతూ అక్కడే ఉన్నాడు. నేను నా పీట లాక్కుని ఫోను బల్ల పక్కనే వేసుకుని, అల్లుతున్న సీటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఈసారి ఆవిడ గొంతులో నవ్వు లేదు. గబగబా మాట్లాడింది. అయినా మూటలు మూటలుగా నా చెవిలో వచ్చి పడ్డాయి. కొత్త కుర్చీలు కమింగ్ అపార్ట్, అంటే అతుకులూడి విడిపోతున్నాయి. పెద్దాయన అతుకుల్ని డూ అవే విత్ చెయ్యొద్దని మేం ముందే చెప్పాం కదా. మీరు మమ్మల్ని లెట్ డౌన్ చేశారు. ఆయన చేసినవైతేనే పంపండి, లేకపోతే వద్దు. ప్రతి ముక్కా అర్థమైంది. ఒళ్ళోని పేము బిగించి లాగాను, అది సంతోషమో కోపమో ఇప్పటికీ చెప్పలేను.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఏం లేదన్నయ్యా, ఈ వానల వల్ల సరుకు కాస్త ఆలస్యంగా చేరిందట. తొందరపెడుతోంది."

వాన మోత ఆరోజూ ఉంది. నేను ఫోను వైపు వంగాను. ఆపరేటరమ్మ గొంతు తెచ్చుకున్నాను, ఉప్పూ లేదు, కారమూ లేదు.

"సారీ మేడమ్, వుయ్ వర్ కట్ ఆఫ్. కుడ్ యూ గో ఓవర్ దట్ అగైన్, ప్లీజ్?"

షెడ్డులో అందరూ నా వైపు చూశారు. బాబాయి చూడలేదు. ఆయన కళ్ళు స్పీకరుకి అతుక్కుపోయాయి. లైను తెగలేదని మా ఇద్దరికే తెలుసు. ఆవిడ 'ఓహ్, ఆఫ్ కోర్స్' అని, ఈసారి నిదానంగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు మొదట్నుంచి మళ్ళీ చెప్పింది.

"లైను తెగింది నాన్నా. బాబాయికి సరిగ్గా వినపడి ఉండదు" అన్నాను. "ఇప్పుడు వినపడింది కదా బాబాయ్? చెప్పు."

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు, ఆ మొహం నేను ఆరోజు చూశాను. రంపం ఏదో కొయ్యబోయాడు. బాబాయి చేత్తో ఆపాడు.

"అన్నయ్యా... కొత్తవి విడిపోతున్నాయట. నీ చేతివే కావాలంటోంది. నువ్వు చేస్తేనే తీసుకుంటుందట."

అసలు ముక్క మాత్రం మింగేశాడు. ముందే చెప్పాం కదా అన్న ముక్క. నేను గమనించాను. గమనించానని ఆయన గమనించాడు. దాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను.

నాన్న అలమరా దగ్గరికి వెళ్ళి పై అరలోంచి గుడ్డ మూట దించాడు. విప్పి, ఒక ఉలి తీసి బొటనవేలి మీద పదును చూసుకున్నాడు. తర్వాత వెనక్కి వచ్చి బాబాయి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వే ఏదో సర్దిచెప్పి ఉంటావురా. నీ నోరు మంచిది" అన్నాడు.

*

బాబాయి నన్ను పేము తొట్టి దగ్గర పట్టుకున్నాడు.

"నీకు ఎంతవరకు తెలుసు?"

"కౌంట్ ఆన్ హిమ్ దగ్గర్నుంచి."

ఆయన తొట్టి అంచు మీద కూలబడ్డాడు. "అన్నయ్యకు చెప్తావా?"

"నేను చెప్పను."

"నా తల్లివి..."

"ఆగు. నేను చెప్పను అన్నాను. మింగినవాడే కక్కాలి. అప్పటిదాకా ప్రతి మంగళవారం నీ పక్కన కూర్చుంటాను. ఆవిడ ఎంత మాట్లాడితే నువ్వు అంతా చెప్పాలి. ఒక్క ముక్క తగ్గినా లైను తెగుతుంది."

"అంత వచ్చినదానివి నువ్వే మాట్లాడొచ్చు కదా! ఈ ఫోనేదో నువ్వే తీసుకో."

"నాకెందుకు? అది నీ పని."

దణ్ణం పెట్టాడు. నాకు జాలి వెయ్యలేదు. పొట్టి పీట మీద నాన్న వీపు గుర్తొచ్చింది.

తర్వాత జరిగింది నేను వేసిన ఎత్తు కాదు. నాన్న పనిలోకి దిగాక మొట్టమొదట చేసిన కుర్చీ అమ్మకానికి చెయ్యలేదు, బాబాయికి చేశాడు. ఫోను దగ్గర విరిగిన స్టూలు మీద కూర్చుంటున్నాడని. చేతులు పెట్టుకోడానికి వంపు తిప్పి, వీపుకి ఆనేలా చెక్కి, అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియకుండా చేశాడు. సీటు నన్ను అల్లమన్నాడు.

"గట్టిగా అల్లమ్మా. వాడు ఎన్నాళ్ళు కూర్చున్నా జారకూడదు."

"జారదు నాన్నా" అన్నాను. నా చేతి పనిలో అంత బిగువైన సీటు ఇంకోటి లేదు. పగంతా పెట్టి అల్లాను.

ప్రతి మంగళవారం బాబాయి ఆ కుర్చీలో కూర్చునేవాడు, నేను పక్కన పీట మీద. ఆవిడ నాన్న పనిని మెచ్చుకునేది, ఆ మెచ్చుకోలు బాబాయి తన నోటితో అన్నకి వినిపించాలి. లివ్ అప్ టు అందొకసారి. "నీ మీద పెట్టుకున్న నమ్మకం నిలబెట్టావంటోంది అన్నయ్యా" అని చెబుతుంటే ఆయన గొంతు పీలగా వచ్చింది. ఎవరు కనబడ్డా నాన్నది ఒకటే పాట. "మా తమ్ముడు పోట్లాడి నా చేతికి ఉలి తిరిగిప్పించాడు" అని. వీధి చివర రంగులు అమ్మేవాడికి చెప్పాడు, లారీ డ్రైవరుకి చెప్పాడు. బాబాయి అన్నం సరిగ్గా తినడం మానేశాడు. పిన్ని వచ్చి ఒంట్లో బాగోలేదేమో చూడమంది. అమ్మ నా వైపు చూసింది, నేను పేము వైపు చూశాను.

ఆపరేటరమ్మ సీటు పూర్తయింది. ఆవిడ కూర్చుని గిర్రున ఒక చుట్టు తిరిగి చూసుకుంది.

"ఇంకొక్క మాట నేర్పుతా. లెట్ ఆఫ్. శిక్ష లేకుండా వదిలెయ్యడం" అంది.

"అది నాకు అక్కర్లేదండి" అన్నాను.

*

వానలు వెనకబట్టాక, ఆకాశం తెరిపిచ్చిన ఒక మంగళవారం. చెప్పుకోవాల్సిన విశేషమేమీ లేదు. సరుకు అందింది, బాగుంది, మళ్ళీవారం మాట్లాడదాం అని ఆవిడ ఫోను పెట్టేసింది. నాన్న చిత్రిక పడుతున్న చెక్కను పక్కన పెట్టి అడిగాడు.

"ఏమంటోందిరా?"

బాబాయి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

"అన్నయ్యా, ఆవిడ నిన్ను వద్దని ఎప్పుడూ అనలేదట. వానలు మొదలైనప్పుడే చెప్పిందట, నిన్నే నమ్ముకున్నాం, నీ అతుకుల్ని తీసెయ్యొద్దు అని. చెప్పినవాడు తిరగేసి చెప్పాడట. బామ్మర్ది సరుకు చెల్లాలని."

చెబుతున్నంతసేపూ చూపు స్పీకరు మీదే ఉంది, ఎవరో చెబుతున్నది వినిపిస్తున్నట్టు. ఆ మాటలు దాచడానికి రేకుల మీద వాన కూడా లేదు. నాన్న ఆ ఫోను వంక చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఆవిడ ఇదంతా ఇప్పుడందా?"

అవునంటే బాబాయి గట్టెక్కుతాడు. ఆయన కళ్ళు నన్ను బతిమాలాయి. నేను ఆపరేటరు గొంతుతోనే చెప్పాను.

"ఆవిడ అనలేదు నాన్నా. బాబాయి అన్నాడు."

నాన్న తలూపాడు. చేతులకంటిన పొట్టు దులుపుకుని మూలకు వెళ్ళాడు. రబ్బరు బుష్షుల పెట్టె తెచ్చి బాబాయి ఒళ్ళో పెట్టాడు. పొట్టి పీట కాలితో ఆయన ముందుకు జరిపాడు. గోడ వారగా చుట్టూ పేర్చి ఉన్న కుర్చీలు చూపించాడు, చివరికి బాబాయి కూర్చున్న కుర్చీని కూడా.

"ముందు దీనికి తొడుగు. తర్వాత వాటన్నిటికీ. అయ్యాక రా, భోంచేద్దాం."

"అన్నయ్యా..."

"నీకోసం ఆగుతాంలే" అన్నాడు నాన్న, ఇంట్లోకి వెళ్తూ.

అన్నట్టుగానే ఆగాడు. నాన్న ముద్ద ముట్టకపోతే అమ్మ ముట్టదు, అమ్మ ముట్టకపోతే నేనూ లేదు. వడ్డించిన కంచాల ముందు కూర్చున్నాం. బాబాయి కంచం కూడా పక్కనే ఉంది, దాని పక్కన నాన్న పోసి పెట్టిన గ్లాసు నీళ్ళు. షెడ్డులోంచి ఒక్కో కుర్చీ తలకిందులవుతున్న చప్పుడు వస్తోంది. బాబాయికి ఆ పని అలవాటు లేదు, చాలా ఆలస్యమవుతోంది. మధ్యలో ఫోను మోగింది. నాన్న నా వైపు చూసి, "నువ్వు వెళ్ళి తియ్యి. ఇకనుంచి నువ్వే" అన్నాడు.

వెళ్ళి తీశాను. రాంగ్ నంబర్. పెట్టేసి, పొట్టి పీట మీద వంగి ఉన్న బాబాయి వీపుని కాసేపు చూశాను. తల ఎత్తకుండానే, "సరిగ్గా ఉన్నాయా, చూడమ్మా" అని అడిగాడు.

"ఉన్నాయి" అని తిరిగొచ్చి కంచం ముందు కూర్చున్నాను. అంత తియ్యటి ఆకలి నాకు మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.